ఒక్క ఒంటికి రెండు చీటీలు

(కరీంనగర్‌లో మహిళా సంఘాల కార్యకర్తలకు జరిగిన ఆరోగ్య శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం ఇది. మాట్లాడిన తీరు పెద్దగా మార్చకుండా అచ్చు వేస్తున్నాం. – సం.)



పొద్దుటి నుంచి డాక్టరమ్మలు చెప్పింది విన్నారు. నేను డాక్టర్ని కాను. కోరుట్ల దగ్గరి పల్లెలో పన్నెండేళ్ల వయసు నుంచి చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేసినదాన్ని. ఆ తర్వాత సంఘంలోకి వచ్చి మీలాగే ఊరూరా తిరిగినదాన్ని. నాకు 2010 నుంచి షుగరు ఉంది. 2019లో ఎడమ రొమ్ములో గడ్డ కనిపించింది. క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ అయింది. మూడు వారాలకొకటి చొప్పున ఎనిమిది విడతలు కీమో ఎక్కించారు. రేడియేషన్ కూడా అయింది. ఇవాళ మీ ముందు నిలబడి మాట్లాడుతున్నాను.

ఆ కాలమంతా నేను భయపడింది క్యాన్సర్‌కి. నన్ను నిజంగా చావు దగ్గరికి తీసుకుపోయింది మాత్రం షుగరు. ఈ సంగతి ఎవరూ ముందుగా చెప్పలేదు కాబట్టి ఇవాళ మీకు చెబుదామని వచ్చాను.

మొదటి కీమో కోసం హైదరాబాద్ పోయినప్పుడు నా చేతిసంచిలో రెండు చీటీలున్నాయి. ఒకటి మా దగ్గరి డాక్టరు రాసిన షుగరు చీటీ. రెండోది క్యాన్సర్ ఆసుపత్రి చీటీ. ఆసుపత్రి పేరు చెప్పను. ఇది ఒక్క ఆసుపత్రి తప్పయితే పేరు పెట్టి కొట్లాడేదాన్నే. అక్కడ రక్తపరీక్షలు చేశారు, గుండె పరీక్ష చేశారు. షుగరు చీటీ చూపించబోతే "అది మీ డాక్టరుకి చూపించుకోండి" అన్నారు. ఇంటికొచ్చాక మా డాక్టరు దగ్గరికి పోతే "క్యాన్సర్ మందుల సంగతి వాళ్లనే అడుగు" అన్నారు. ఒళ్లు ఒకటే, చీటీలు రెండు. ఆ రెండు చీటీల నడుమ నేనున్నాను.

కీమో ఎక్కించిన మర్నాటి నుంచి విపరీతమైన దూప. ఎన్ని నీళ్లు తాగినా నోరు ఎండుకుపోయేది. రాత్రి ఆరేడుసార్లు లేచి ఒంటికి పోయేదాన్ని. కీమో వేడి అనుకున్నాం. మా ఇరుగుపొరుగు ఆడవాళ్లు పాపం ప్రేమతో బత్తాయి రసం, గ్లూకోజు నీళ్లు తెచ్చి తాగించారు. అయినా అనుమానం వచ్చి పొద్దున్నే పరగడుపున పరీక్ష చేయించుకుంటే 128 వచ్చింది. "బాగానే ఉంది కదమ్మా" అని పంపించారు. అదే రోజు పొద్దుమాపు తల తిరిగి పడబోతే మళ్లీ సూదితో పొడిచి చూశారు. 412!

పొద్దున 128, సాయంత్రం 412 ఎట్లా అవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు తర్వాత తెలుసుకున్నాను. మీరు ఇవాళ్టి నుంచి గుర్తు పెట్టుకోవాల్సింది ఇదే.

కీమోతో వాంతులు కాకుండా, కొన్ని మందులు ఒంటికి పడక దద్దుర్లు, ఆయాసం రాకుండా ముందుగా ఒక స్టెరాయిడ్ ఇస్తారు. డెక్సామెథసోన్ అని దాని పేరు. అవసరమైన మందే, వద్దనకూడదు. అయితే అది రక్తంలో చక్కెరను పెంచుతుంది. పొద్దున ఇస్తే మధ్యాహ్నం భోజనం తర్వాత పెరగడం మొదలై సాయంత్రానికి పైకి పోతుంది. తెల్లవారేసరికి చాలావరకు దిగి ఉంటుంది. అందుకే పరగడుపు పరీక్ష ఒక్కటే చూస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. కీమో రోజు, ఆ తర్వాత రెండు మూడు రోజులు మధ్యాహ్నం భోజనమైన రెండు గంటలకు, రాత్రి భోజనానికి ముందు పరీక్ష చేయాలి. షుగరు లేని మనిషికి కూడా ఈ మందుతో పెరగవచ్చు. చాలామందికి షుగరు ఉన్న సంగతి బయటపడేదే క్యాన్సర్ ఆసుపత్రిలో.

నా కథలో రెండో సగం ఇంకా పెద్దది. 412 చూసి భయపడి నా గోలీలు రెట్టింపు చేశారు. ఎన్ని రోజులు వేసుకోవాలో, ఎప్పుడు తగ్గించాలో ఎవరూ చెప్పలేదు. స్టెరాయిడ్ మూడు రోజులకు ఆగిపోయింది. నాలుగో రోజు నుంచి నోటినిండా పుండ్లు, వాంతులు. బుక్కెడు బువ్వ దిగలేదు. అయినా డాక్టరు చెప్పాడు కదా అని రెట్టింపు గోలీ వేసుకుంటూనే ఉన్నాను. అయిదో రోజు తెల్లవారుజామున చెమటలతో చీర తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది. ఇంట్లోవాళ్లు క్యాన్సర్ ముదిరిందని ఏడుపు మొదలుపెట్టారు. పక్కింట్లో నాతో బీడీలు చేసిన వదినె ఉరికొచ్చింది. వాళ్ల ఆయనకు షుగరు ఉంది. నన్ను చూస్తూనే, "ఏడుసుడు తర్వాత ఏడుద్దురుగని, ముందుగాల చక్కెర డబ్బ తేండ్రి!" అని అరిచింది. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించింది. పావుగంటకు మనిషినయ్యాను. ఆ వదినె చదువుకోలేదు. కానీ ఆ పూట నా ప్రాణం నిలబెట్టిన వైద్యురాలు ఆమే.

షుగరు 70 కంటే దిగితే చెయ్యాల్సింది ఇదే. మూడు చెంచాల చక్కెర, పావుగంట ఆగి మళ్లీ పరీక్ష, ఇంకా తక్కువుంటే మళ్లీ చక్కెర, తేరుకున్నాక ఏదైనా తినిపించాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

అంటే కీమో మొదటి మూడు రోజులు షుగరు పైకి, తర్వాత తిండి పోక కిందికి. ఈ రెండు దెబ్బలకూ ఒకే గోలీ, ఒకే లెక్క ఎట్లా సరిపోతుంది? గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి గోలీలు తిన్నా తినకపోయినా చక్కెరను దించుతాయి. మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లకు వాంతులు, విరేచనాలై ఒంట్లో నీరు తగ్గినప్పుడు, స్కానింగ్‌కు రంగుమందు ఎక్కించేటప్పుడు దాన్ని కొన్నాళ్లు ఆపాల్సి రావచ్చు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు తినడం లేదని తమంతట తాము పూర్తిగా మానేస్తే అదీ ప్రాణాంతకమే. అందుకని సొంతంగా ఆపొద్దు, కళ్లు మూసుకుని వేసుకోవద్దు. "తిండి పోని రోజు ఏం చెయ్యాలి?" అని కీమోకు ముందే అడిగి కాగితం మీద రాయించుకోవాలి. డాక్టరు రాసేదాకా కుర్చీ వదలకండి.

ఇంకో మాట. కీమో వల్ల రక్తంలో తెల్లకణాలు తగ్గుతాయి, రోగాన్ని తట్టుకునే శక్తి పడిపోతుంది. దానికి షుగరు తోడయితే చిన్న పుండు కూడా పెద్దదవుతుంది. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లారనిద్దాం అనుకోవద్దు. అది అర్ధరాత్రయినా ఆసుపత్రికి పోవాల్సిన జ్వరం.

నా చేతుల సంగతి చెబుతాను. చివరి నాలుగు విడతల్లో పాక్లిటాక్సెల్ అనే మందు ఎక్కించారు. వేళ్ల కొసలు మొద్దుబారాయి. తునికాకు చేతిలో ఉందో జారిందో తెలిసేది కాదు. కత్తెర పడితే వేలు తెగినా తెలియదు. షుగరు వల్ల అని ఒకరు, కీమో వల్ల అని ఒకరు అన్నారు. రెండూ నరాలను దెబ్బతీసేవే, రెండూ కలిసి నా వేళ్ల మీద పడ్డాయి. కానీ మొద్దుబారుతున్నాయని మొదటి విడతలోనే చెప్పుకోవచ్చనీ, చెబితే మందు మోతాదు మార్చే వీలుంటుందనీ నాకు తెలియదు. ఓర్చుకోవడమే మంచి రోగి లక్షణం అనుకున్నాను. మనకు చిన్నప్పటి నుంచి నేర్పింది అదే కదా! ఇవాళ నేను బీడీ చేయలేను. ఆడదాని వేళ్ల విలువ ఏ ఆసుపత్రి లెక్కల్లోనూ ఉండదు. వెయ్యి బీడీలకు కూలి లెక్కగట్టే దగ్గరే ఉంటుంది.

ఇక ఇంటి సంగతి. మా దగ్గర మొగుడికి షుగరొస్తే ఇంటిల్లిపాదికీ జొన్నరొట్టెలవుతాయి. పెండ్లానికి షుగరొస్తే ఆమె ముందు అందరికీ అన్నం వండి, తర్వాత ఓపికుంటే తనకో రొట్టె చేసుకుంటుంది. లేకపోతే మిగిలిన అన్నమే తింటుంది. క్యాన్సర్ చికిత్సలో ఉన్న మనిషికి పప్పు, గుడ్డు, చేప, కోడికూర, పెరుగు కావాలి. అవి ఒక్కసారి కాకుండా కొంచెం కొంచెంగా అయిదారుసార్లు తినాలి. ఇంట్లో గుడ్డు ఎవరి పళ్లెంలో పడుతుందన్నది వైద్య ప్రశ్నే. "చక్కెర తింటే క్యాన్సర్ పెరుగుతుంది" అని కొందరు మొత్తం అన్నమే మాన్పిస్తున్నారు. షుగరున్నవాళ్లు తీపి తగ్గించుకోవాలి, నిజమే. కానీ పస్తులుంటే గడ్డ కరగదు, మనిషి కరిగిపోతుంది. కాకర రసమని, తిప్పతీగ అని, పేరు తెలియని పొడులని తెచ్చిస్తారు. డాక్టరుకు చెప్పకుండా కీమోతో పాటు అవి వాడొద్దు.

ఇప్పుడు ఆదిలాబాద్ వైపు ఒక అక్క గురించి చెప్పాలి. నాకు బాగైందని సంతోషించి ఊరుకుంటే ఆమెకు అన్యాయం చేసినదాన్నవుతాను.

2022 ఎండాకాలంలో నేను పరీక్షలకు హైదరాబాద్ పోయినప్పుడు ఒక ఆసుపత్రి వరండాలో ఆమె కనిపించింది. ఉట్నూరు వైపు గోండు గూడెం. గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్. వారానికి అయిదు రోజుల చొప్పున అయిదు వారాల పైన రేడియేషన్, వారానికొకసారి కీమో. రెండేళ్లుగా ఇన్సులిన్ మీద ఉంది. ఆమెకు తెలుగు అంతంతమాత్రమే. పద్నాలుగేళ్ల మనవడు గోండి నుంచి తెలుగులోకి చెప్పేవాడు. గర్భసంచి గురించి, తెల్లబట్ట గురించి ఆ పిల్లవాడితో ఏం చెప్పించుకుంటుంది? తలవంచుకుని ఊరుకునేది.

ఉండటానికి చోటు లేక ఇద్దరూ బయటే పడుకునేవాళ్లు. ఇన్సులిన్ సీసా గుడ్డలో చుట్టి రేకు పెట్టెలో పెట్టుకుంది. ఏప్రిల్ ఎండలో ఆ పెట్టె పెనంలా కాలింది. ఎండకు చెడిన ఇన్సులిన్ ఒట్టి నీళ్లతో సమానం. అది పని చేయడం లేదని ఆమెకు తెలియదు. రెండో వారం నుంచి, "బువ్వ తింటలేను, సూది ఎందుకు" అని అదీ మానేసింది. మూడో వారం కాలి వేలికి పుండు, జ్వరం. షుగరు 500 దాటింది. రేడియేషన్ పదిరోజుల పైన ఆపారు. గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్‌లో రేడియేషన్ మధ్యలో ఆగి రోజులు సాగితే చికిత్స బలం తగ్గుతుంది. తర్వాత ఆమె గూడెం వెళ్లిపోయింది. సంక్రాంతికి కబురొచ్చింది. క్యాన్సర్‌తో చనిపోయిందన్నారు.

క్యాన్సర్‌తోనేనా? ఆలోచించండి. ఒక కుండలో ఇంకో కుండ పెట్టి నడుమ తడి ఇసుక పోసి, మూత పెట్టి నీడన ఉంచితే ఫ్రిజ్ లేని ఇంట్లో కూడా ఇన్సులిన్‌ను కాపాడుకోవచ్చు. వాడటం మొదలుపెట్టిన సీసా వేడి తగలకుండా ఉంటే నాలుగు వారాల దాకా పనిచేస్తుంది. ఆ రెండు కుండల ఖరీదు ఎంత? గోండిలో అడిగే ఒక మనిషి జీతం ఎంత? కెనడాలో ఇన్సులిన్‌ను కనిపెట్టింది 1921లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1977లో మొదటి అత్యవసర మందుల జాబితా రాసినప్పుడే అందులో ఇన్సులిన్ ఉంది. ఇన్నేళ్ల తర్వాత ఉట్నూరు అక్క దగ్గరికి అది వచ్చింది, కానీ ఎండలో చెడిపోయి వచ్చింది.

మన ప్రభుత్వాలకు ఈ రెండు రోగాల సంబంధం తెలియదా అంటే, తెలుసు. 2010లో మొదలైన జాతీయ కార్యక్రమం పేరులోనే అప్పట్లో క్యాన్సర్, మధుమేహం రెండూ ఉండేవి. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి ముప్ఫై ఏళ్లు దాటినవాళ్లను ప్రశ్నలడిగి నింపే ఫారంలో కూడా షుగరు, క్యాన్సర్ ఒకే కాగితం మీద ఉంటాయి. మన దేశంలో 10 కోట్లకు పైగా మనుషులకు షుగరు ఉందని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం లెక్క తేల్చింది. షుగరున్నవాళ్లలో రొమ్ము, గర్భసంచి, కాలేయం, క్లోమం క్యాన్సర్లు కొంత ఎక్కువగా కనిపిస్తాయని కూడా వైద్యులు చెబుతున్నారు. కాగితం మీద కలిసే ఉన్న రెండు రోగాలు మందు దగ్గరికి వచ్చేసరికి విడిపోతున్నాయి. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది. నా ఆపరేషనూ కీమో దానికిందనే జరిగాయి, కాదనను. కానీ అది ఆసుపత్రిలో చేసే పెద్ద చికిత్సల కోసం పుట్టిన పథకం. ఇంటి దగ్గర రోజూ వేసుకునే గోలీ, పరీక్ష పట్టీ దాని లెక్కలోకి రావు.

2016లో జిల్లాలు విడగొట్టాక పాత ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. పాత కరీంనగర్ కొన్ని మండలాలు పక్క జిల్లాలకు పోగా నాలుగు జిల్లాలైంది. ఆదిలాబాద్‌లో రిమ్స్ 2008 నుంచి ఉంది. జగిత్యాల, రామగుండం, మంచిర్యాలల్లో 2022లో, కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఎనిమిది జిల్లాలకు ఎనిమిది కళాశాలలు. హైదరాబాద్‌లో కీమో ఎక్కించుకుని వచ్చిన ఆడమనిషికి సాయంత్రం పూట షుగరు చూసి మోతాదు మార్చే పని ఇక్కడ ఎందుకు జరగకూడదు? 2025 కేంద్ర బడ్జెట్‌లో మూడేళ్లలో ప్రతి జిల్లా ఆసుపత్రిలో క్యాన్సర్ డే కేర్ కేంద్రం పెడతామన్నారు. పెట్టనివ్వండి. కానీ అక్కడ కీమో కుర్చీ పక్కన గ్లూకోమీటరు, ఇన్సులిన్ రాసే డాక్టరు ఉండాలని మనమిప్పుడే అడగాలి. భవనం లేచాక అడిగితే ఎవరూ వినరు.

నా ఉద్దేశంలో మన డిమాండ్లు నాలుగు. కీమో మొదలుపెట్టే ప్రతి మనిషికీ ముందే షుగరు పరీక్ష చేయాలి. షుగరున్నవాళ్లకు తిండి పోని రోజు ఏం చెయ్యాలో తెలుగులో, గోండి తెలిసిన మనిషి నోటితో చెప్పాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్ష పట్టీలు, ఇన్సులిన్ నెల పొడుగునా ఉండాలి. హైదరాబాద్ ఆసుపత్రి చీటీని ఇక్కడి డాక్టరు, ఇక్కడి చీటీని అక్కడి డాక్టరు చూసి సంతకం పెట్టాలి.

ఇవి దయాధర్మాలు కావు. 2002 నాటి వైద్యవృత్తి నియమావళి ప్రకారం రోగి అడిగితే వైద్య రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలి. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రాసిన రోగుల హక్కుల పత్రంలో తన జబ్బు గురించి అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు ఉంది. ప్రయాణం సంగతి కూడా చెప్పండి. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు టికెట్టు లేదు. మంచిర్యాల, కాగజ్‌నగర్ నుంచి రైల్లో పోయే క్యాన్సర్ రోగికి ఆసుపత్రి ధృవపత్రం ఉంటే రైల్వే రాయితీ ఉంది, వెంట వెళ్లే ఒకరికి కూడా ఉంది.

ప్రభుత్వం చేసేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. 1991లో 'సవాలక్ష సందేహాలు' పుస్తకం వచ్చినప్పుడు ఆడవాళ్లు తమ ఒంటి గురించి తామే తెలుసుకోవచ్చన్న ధైర్యం వచ్చింది. ఆ ధైర్యంతోనే నేను ఈ నోటుబుక్కు పెట్టుకున్నాను. చూడండి. ఎడమ పేజీలో కీమో తేదీ, మందు పేరు, స్టెరాయిడ్ ఇచ్చారా లేదా. కుడి పేజీలో ఏ పూట షుగరు ఎంత, ఏం తిన్నాను, ఏ గోలీ వేసుకున్నాను, వాంతులెన్ని, కాళ్లకు పుండుందా. రెండు చీటీలనూ ఇందులోనే అంటించాను. మూడో విడత నుంచి ఈ బుక్కు చూపిస్తే డాక్టర్లే కాసేపు ఆగి చదివారు. కీమో మూడు రోజులకు ఒక మోతాదు, మిగతా రోజులకు ఒక మోతాదు రాసిచ్చారు. తర్వాత 300 దాటలేదు, 70కి దిగలేదు. మూడు నెలల సగటు చూపే పరీక్ష ఒక్కటే నమ్ముకోవద్దని కూడా అప్పుడే చెప్పారు. రక్తం తక్కువున్నవాళ్లకు, రక్తం ఎక్కించుకున్నవాళ్లకు అది తప్పు చూపించవచ్చు.

ప్రతి సంఘం దగ్గరా ఒక గ్లూకోమీటరు ఉండాలి. మీటరు అందరిదీ కావచ్చు, పొడిచే సూది మాత్రం మనిషికొకటి, పొడిచాక పారేయాలి. చదువు రాని అక్క నోటుబుక్కు మనం రాసిపెట్టాలి. ఆమె తరఫున మాట్లాడటానికి మనవణ్ని కాకుండా మనలో ఒకరం వెంట పోవాలి.

ఎక్కువసేపు మాట్లాడాను. భోజనాలయ్యాక రెండు గంటలకు అందరం ఇక్కడే కూర్చుని ఒకరికొకరం షుగరు చూసుకుందాం. నేను పదిహేను మీటర్లు తెచ్చాను. చూడటం రానివాళ్లు ఎవరూ ఇవాళ బస్సెక్కకండి.